నమూనాలో లేని పేరు

ఫిబ్రవరి 6, సోమవారం

పద్నాలుగు మందిలో పన్నెండు మంది చరిత్ర పరిశోధన తుది ప్రతులు ఇచ్చారు. మిగతా ఇద్దరికీ జ్వరమట. ఈ వారం పైన కొండల మీద స్కీయింగ్‌కి మంచు ఎంత బాగుందో నాకూ తెలుసు.

ఓర్నెల్లాది చివరగా చదివాను. లేచి, కాఫీ పెట్టుకుని, మళ్లీ చదివాను. ఇరవై అయిదుకి ఇరవై మూడు అని పెన్సిల్‌తో మూలన వేశాను. బడి చివరి రెండేళ్ల ఈ డిప్లొమా తరగతులకు పదకొండేళ్లుగా చరిత్ర చెబుతున్నాను. ఇంతకుముందు ఇరవై మూడు వేసింది రెండుసార్లే. అందులో ఒకటి ఫ్లోరియాన్‌కి.

ఆ పేరు ఇక్కడ రాయకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 7

నిద్ర పట్టలేదు. కాబట్టి రాస్తున్నాను.

ఓర్నెల్లా కిటికీ పక్కన కూర్చునే పిల్ల. ఆమె తల్లి లుచియా మా బడి వంటశాలలో పనిచేస్తుంది. ఉద్యోగుల పిల్లలకిచ్చే రాయితీ మీదే ఓర్నెల్లా ఇక్కడ చదువుతోంది. మొదటి ఏడాదంతా స్థాయి ఏడుకి నాలుగు, మళ్లీ నాలుగు, ఒకే ఒక్కసారి అయిదు. క్లాసులో నోరు విప్పదు. అలాంటి పిల్ల ఉన్నట్టుండి ఇంత మంచి వ్యాసం ఎలా రాసింది?

విషయం కూడా అలాంటిదే. అరవైల్లో ఇటలీ నుంచి మన ఊరి ఫ్యాక్టరీలకు వచ్చిన కూలీలు. ఏడాదికి తొమ్మిది నెలల అనుమతి, పెళ్లాం పిల్లల్ని తెచ్చుకోకూడదు. అయినా తెచ్చుకుని పిల్లల్ని గదుల్లో దాచారు. ఆ పిల్లల సంగతి పోలీసులకు చెప్పిందెవరు, ఎందుకు చెప్పారు? ఇదీ ఆమె ప్రశ్న. ఊరి దస్తావేజుల భాండారంలో పేర్లు నల్ల సిరాతో కొట్టేసిన ఫిర్యాదు ఉత్తరాలున్నాయి. వాటిలోంచి ఒకటి ఎత్తి రాసింది. 1966లో ఒక పొరుగింటామె రాసినది: "పైన ఇద్దరే ఉంటున్నారని చెప్పారు. నాకు మూడో జత కాళ్ల చప్పుడు వినిపిస్తోంది."

దాని కింద ఓర్నెల్లా వాక్యం: "ఈమె చెడ్డది కాదు. ఈమెకు చప్పుడు వినిపించింది. వినిపించిన దానికి ఒక కథ కావలసి వచ్చింది."

ఇది పద్దెనిమిదేళ్ల పిల్ల రాసే వాక్యం కాదు.

ఫిబ్రవరి 9

నవంబరులో ఇచ్చిన డ్రాఫ్టు వెతికి తీశాను. ఆ వాక్యం అందులో లేదు.

ఫిబ్రవరి 17, శుక్రవారం

తిబోని నేను గమనించడం లేదు. భోజనశాలలో స్తంభం పక్క బల్ల ఖాళీగా ఉంటే అక్కడ కూర్చున్నాను, అంతే. తిబో సెప్టెంబరులో చేరాడు. ఆర్థికశాస్త్రం చెబుతాడు, ముప్ఫై కూడా లేవు, పిల్లలంతా అతని చుట్టూ తిరుగుతారు. ఒకప్పుడు నా చుట్టూ తిరిగేవారు. ఓర్నెల్లా అతనికి ఏదో కాగితం చూపించింది. అతను చదివి తల ఊపాడు. ఇద్దరూ నవ్వారు.

తర్వాత ప్రింటర్ దగ్గర మాటవరసకు అడిగాను.

"ఓర్నెల్లా వ్యాసం చదివావా తిబో?"

"ఏ వ్యాసం?"

"చరిత్రది."

"లేదే! నా సబ్జెక్టు కాదుగా. ఇందాకటిదా? హాలెండ్ యూనివర్సిటీకి రాసుకున్న దరఖాస్తు అది. అక్కడ చరిత్ర చదవాలట. మంచి పిల్ల కదూ?"

అడగని దానికి ఇంత జవాబు ఎందుకు చెప్పాడు?

మార్చి 3

నాలుగోసారి చదివాను. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేశాను. ఎక్కడా ఏదీ కలవలేదు. కొత్తగా కూర్చుని ఎవరైనా రాసిస్తే ఎందుకు కలుస్తుంది? ఫ్లోరియాన్‌దీ కలవలేదు.

మార్చి 14, మంగళవారం

ఉర్స్ గదికి వెళ్లాను. డిప్లొమా వ్యవహారాలన్నీ అతనివే. తేదీలు, కవర్లు, సంతకాలు, అన్నీ. మా మధ్య ఇరవై ఏళ్ల స్నేహం.

"ఆధారమేదైనా ఉందా?" అన్నాడు.

"చదివితే తెలుస్తుంది."

"చదివితే తెలియడం ఆధారం కాదు ఆర్లెట్. ఇది తన సొంత పనేనని పిల్ల సంతకం పెడుతుంది, నువ్వు పెడతావు. నమ్మకం లేకపోతే పెట్టకు. అప్పుడు ఆ వ్యాసం వెళ్లదు, ఆ సబ్జెక్టు పోతుంది, డిప్లొమా కూడా పోతుంది. ఎందుకు నమ్మలేదో మాత్రం నువ్వు కాగితం మీద రాయాలి. ముందు పిల్లని కూర్చోబెట్టి మాట్లాడు."

"మూడేళ్ల కిందట కూడా మాట్లాడాను."

ఉర్స్ పెన్ను కింద పెట్టాడు. "నిన్ను మోసం చేసింది ఫ్లోరియాన్. వ్యాసం కొన్నదీ వాడే, దొరికిందీ వాడే. ఆ లెక్క వీళ్ల మీద తీర్చుకోకు."

నేను ఎవరి మీదా ఏ లెక్కా తీర్చుకోవడం లేదు. ఫ్లోరియాన్‌కి నాది పూచీ అని అందరి ముందూ చెప్పాను. అందరి ముందూ ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. జాగ్రత్త అంటే ఏమిటో అప్పుడు నేర్చుకున్నాను.

మార్చి 16

ఓర్నెల్లాతో మాట్లాడాను. ఇరవై నిమిషాలు. ఏ ఉత్తరం ఏ పెట్టెలో ఉందో చెప్పింది. ఆ కాలపు పోలీసు నివేదికల్ని ఎంతవరకు నమ్మవచ్చో, నమ్మకూడదో చెప్పింది. తడబడలేదు. కంఠస్థం చేసినవాళ్లు కూడా తడబడరు.

"పొరుగింటామె చెడ్డది కాదని రాశావు. ఆ సంగతి నీకెలా తెలుసు?"

అంతవరకు గడగడా చెప్పిన పిల్ల అక్కడ ఆగిపోయింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అలా అనిపించింది మేడమ్."

"ఎవరైనా చెప్పారా?"

"...లేదు మేడమ్."

ఆ లేదుకి ముందున్న విరామాన్ని నేను లెక్కపెట్టాను. మూడు సెకన్లు.

ఏప్రిల్ 1, శనివారం

షికారుకని బయలుదేరాను. దారిలోనే కదా అని భాండారంలోకి వెళ్లాను.

చదువరుల రిజిస్టరు చూపించమంటే అక్కడి గుమాస్తా ఇచ్చాడు. అక్టోబరు నుంచి జనవరి దాకా పద్నాలుగు శనివారాలు. ప్రతి శనివారం ఓర్నెల్లా పేరు, వచ్చిన సమయం, వెళ్లిన సమయం ఉన్నాయి.

"ఆ అమ్మాయా? మూసే దాకా కదిలేది కాదు. హీటరు పక్కన కూర్చోమంటే కాగితాలు పాడవుతాయంటుంది. పాపం, వేళ్లు ఎర్రగా కమిలిపోయేవి."

థాంక్స్ చెప్పి బయటికి వచ్చేశాను. రిజిస్టరులో సంతకం పెట్టినంత మాత్రాన చదివినట్టా? సరస్సు ఒడ్డున చాలాసేపు నడిచాను. గాలి ఎక్కువగా ఉంది.

ఏప్రిల్ 6, గురువారం

సంతకం పెట్టాను. పెట్టకపోతే కారణం రాయాలి. కారణం లేదు.

మార్కులు ఎక్కించాను. పదమూడు మందికి పెన్సిల్‌తో వేసినవే. ఓర్నెల్లాకి పదహారు.

విశ్లేషణ విభాగం ఒప్పించేలా లేదు. ముగింపులో ఆత్మవిమర్శ చాల్లేదు. మళ్లీ చూస్తే అలాగే అనిపించింది. టీచరు వేసిన మార్కును పిల్లలకు చెప్పాల్సిన పని లేదు. ఒక రకంగా ఆమెకు మేలే చేశాను. డిప్లొమా పోలేదు కదా.

పెన్సిల్ అంకె రబ్బరుతో చెరిపేశాను.

ఏప్రిల్ 24

నమూనా జాబితా వచ్చింది. ఏటా ఇదే పద్ధతి. కంప్యూటరు క్లాసులోంచి కొన్ని పేర్లు ఏరుతుంది, వాళ్ల వ్యాసాలే బయటి పరీక్షకుడికి వెళతాయి. నేను ఉదారంగా వేశానని అతనికి తోస్తే మొత్తం క్లాసుకి తగ్గిస్తాడు. పిసినారిగా వేశానంటే పెంచుతాడు. మిగతా వ్యాసాలను ఎవరూ తెరవరు.

అయిదు పేర్లు. ఓర్నెల్లా పేరు లేదు.

గుండెల మీంచి బరువు దిగింది. ఎందుకో తెలియదు.

మే 9, మంగళవారం

ఇవాళ జరిగింది ఇంకెవరికీ చెప్పను. నాకు నేను చెప్పుకుంటున్నాను.

చరిత్ర రాతపరీక్ష. వ్యాయామశాలలో దూరం దూరంగా బల్లలు, పెద్ద గడియారం, నీళ్ల సీసాలకు లేబుళ్లు కూడా ఉండకూడదు. సీలు వేసిన ప్రశ్నపత్రాల కవరును పిల్లల ఎదుటే కత్తిరిస్తారు. సబ్జెక్టు టీచరు ఆ ఛాయలకే రాకూడదు. నేను రాలేదు. నడవా చివర నోటీసు బోర్డు చదువుతున్నాను.

పది ఇరవైకి ఓర్నెల్లా బయటికి వచ్చింది. పర్యవేక్షకురాలు మదామ్ రోజెట్ వెంట మరుగుదొడ్డికి వెళ్లింది. ఆరు నిమిషాలు. ఆరు! ఇద్దరూ హాల్లోకి వెళ్లిపోయాక నేను లోపలికి వెళ్లాను. చెత్తబుట్ట చూశాను. కాగితం తువ్వాళ్ల పెట్టె వెనక చూశాను. నీళ్ల ట్యాంకు మూత రెండు చేతులతో ఎత్తాను.

"మదామ్ మోన్నార్."

గుమ్మంలో రోజెట్. నలభై ఏళ్లు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చున్న మనిషి. ఒక్క గ్రాము బరువు తేడా వచ్చినా కవరు వెనక్కి ఇచ్చేసేది.

"మీ సబ్జెక్టు పరీక్ష జరుగుతుంటే మీరు ఈ అంతస్తులో ఉండకూడదు."

"చేతులు కడుక్కోడానికి వచ్చాను."

"ట్యాంకులోనా?"

మూత దించడానికి చోటు తోచక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"ఆ పిల్ల ఎందుకొచ్చిందో తెలుసా మీకు?" అంది రోజెట్, గొంతు తగ్గించి. "వాంతి చేసుకుంది. వాంతి అయ్యేంతసేపూ నేనే జుట్టు వెనక్కి పట్టుకున్నాను. నోరు పుక్కిలించి, టైము ఎంత పోయింది మదామ్ అని అడిగి పరిగెత్తింది. మీరేమో ట్యాంకులు వెతుకుతున్నారు. ఇది నేను రాసి పెట్టాలి. నిబంధన పిల్లలకొకటి, మీకొకటి ఉండదు."

మే 10

రోజెట్ రాసి పెట్టింది. ఉర్స్ నన్ను పిలవలేదు. పిలిస్తే బాగుండేది.

జూన్ 2

లుచియా భోజనశాలలో నా పళ్లెంలో బంగాళాదుంపలు ఇంకొక గరిటె ఎక్కువ వేసింది. "మీ వల్లే మదామ్, మా అమ్మాయి చరిత్ర చదువుతానంటోంది," అంది. తినలేకపోయాను. ఆ మాట ఎందుకు అంది? ఏమైనా తెలిసి అందా?

జులై 5, బుధవారం

ఫలితాలొచ్చాయి. పిల్లలకు రేపు, మాకు ఇవాళ.

నా క్లాసు బాగా చేసింది. నా మార్కులన్నీ నిక్కచ్చిగా ఉన్నాయని బయటి పరీక్షకుడు రాశాడు. ఒక్క మార్కూ మార్చలేదు. "నమ్మదగిన మూల్యాంకనం" అన్నాడు.

ఓర్నెల్లా: అన్నీ కలిపి నలభై అయిదుకి ముప్ఫై ఏడు. హాలెండ్ వాళ్లు అడిగింది ముప్ఫై ఎనిమిది.

చరిత్రలో ఆరు. ఏడు స్థాయి రావడానికి రెండు మార్కులు తక్కువ.

భాగాలుగా విడగొట్టిన కాగితం తెరిచాను. మూడు రాతపత్రాలూ ఏడు స్థాయి. ఒకటి కాదు, మూడూ. ఆమె పేరు తెలియని, ముఖం ఎరగని ముగ్గురు మనుషులు ఎక్కడెక్కడో కూర్చుని దిద్దారు. ఫోనూ పుస్తకమూ లేని గదిలో, వాంతి చేసుకుని వచ్చి, గడియారం కింద కూర్చుని రాసినదంతా ఏడు. నేను పదహారు వేసిన వ్యాసం ఒక్కటే నాలుగు.

జులై 6

ముప్ఫై ఏడు కూడా మంచి ఫలితమే.

జులై 7

ఒక్క పాయింటు తగ్గినా విశ్వవిద్యాలయాలు కొన్నిసార్లు తీసుకుంటాయి.

జులై 8

తీసుకోలేదు. తిబో చెప్పాడు. పునఃపరిశీలన అడగమని ఆమెకు సలహా ఇచ్చాడట. రాతపత్రాలు మళ్లీ దిద్దిస్తారు, పెరగవచ్చు, తగ్గవచ్చు కూడా. "ఏడున్న చోట ఇంకేం పెరుగుతుంది చెప్పు? వ్యాసంలోనే పోయింది. నువ్వే దిద్దావుగా, ఏమైంది అందులో?" అన్నాడు. అతని ముఖంలో ఏ కుతంత్రం కోసమో వెతికాను. ఏమీ లేదు. అతను నిజంగానే తెలియక అడిగాడు.

జులై 11, మంగళవారం

ఉర్స్‌కి చెప్పేశాను. ఇరవై మూడు వేశాను, పదహారు ఎక్కించాను. ఆధారం లేదు. భాండారానికి వెళ్లి రిజిస్టరు చూసిన తర్వాత కూడా అదే చేశాను.

అతను కిటికీ మూశాడు. బయట తోటమాలి గడ్డి కోస్తున్నాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"నీకే."

"అయితే విను. ఎక్కించేటప్పుడు అంకె పొరపాటు పడిందని నేనొక ఉత్తరం రాస్తాను. పక్క వరస చూసి టైపు చేశావని. వారం తిరక్కుండా సరిచేస్తారు. ఆ పిల్ల సీటు దక్కుతుంది, నీ ఉద్యోగమూ దక్కుతుంది."

"పొరపాటు కాదు ఉర్స్."

"తెలుసు! ఉద్దేశపూర్వకంగా అంటే విచారణ పెడతారు. ఆగస్టు అంతా పడుతుంది. సరిచేసిన మార్కులు పంపడానికి హాలెండ్ వాళ్ల గడువు ఆ నెల పదిహేను. నీ మనశ్శాంతి కోసం ఆ పిల్ల సీటు పోగొడతావా?"

ఇంటికొచ్చి ఆలోచిస్తున్నాను. ఉర్స్ మాట వింటే పిల్లకి మంచిది. నాకు ఇంకా మంచిది. అందుకే ఆ మాట మీద నమ్మకం కుదరడం లేదు. అయిదు నెలలు అందరినీ అనుమానించాను. ఇక మిగిలింది నేనే.

జులై 13, గురువారం

వాళ్లింటికి వెళ్లాను. స్టేషను వెనక, మూడో అంతస్తు. లుచియా తలుపు తీసి, చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుని, "రండి రండి, కాఫీ పెడతా," అంది. ఓర్నెల్లా కుర్చీ చూపించలేదు.

నిలబడే చెప్పాను. మొత్తం చెప్పాను. ట్యాంకు మూత సంగతి కూడా.

లుచియా కాఫీ పెట్టడం ఆపేసింది. ఓర్నెల్లా మాత్రం మధ్యలో అడ్డు రాలేదు. చివర అడిగింది:

"ఏ వాక్యం చూసి నాది కాదనుకున్నారు?"

చెప్పాను.

తల్లీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లుచియా కుర్చీలో కూలబడింది.

"ఆ మూడో జత కాళ్లు నావి మదామ్," అంది. "నాకు నాలుగేళ్లు. చప్పుడు రాకూడదని రెండు జతల ఊలు మేజోళ్లు తొడిగేది మా అమ్మ. అమ్మా నాన్నా ఫ్యాక్టరీకి పోయాక ఏడవకూడదు, కుళాయి తిప్పకూడదు. కిందావిడ నేను పైనే ఉంటున్నానని తెలియనప్పుడు, మెట్ల మీద ఒకసారి చూసి బిస్కెట్టు ఇచ్చింది. అందుకే దీనికి చెప్పా, ఆవిడ చెడ్డది కాదే అని. బడిలో మాత్రం నా సంగతి ఎత్తకు అన్నా. అక్కడ వంట చేస్తున్నా, తలెత్తుకు తిరగాలి కదా."

మూడు సెకన్లు. ఆ రోజు నేను లెక్కపెట్టిన మూడు సెకన్లు ఆ పిల్ల తల్లికిచ్చిన మాట.

ఉర్స్ చెప్పిన రెండు దారులూ చెప్పాను. పొరపాటు అని రాస్తే సీటు వస్తుంది. నిజం రాస్తే రాకపోవచ్చు. నిర్ణయం ఆమెదే అన్నాను.

"అది కూడా నా మీదే పెడుతున్నారా?" అంది ఓర్నెల్లా.

ముఖం తిప్పుకున్నాను. కానీ ఆమె ఆలోచించింది. లుచియా ఇటాలియన్‌లో ఏదో బతిమాలింది. పొరపాటని రాయించుకో, పోనీ అంటోందని ఆ గొంతును బట్టి తెలిసింది.

"వద్దమ్మా," అంది ఓర్నెల్లా. తర్వాత నాతో: "పొరపాటు అంటే ఎవరూ నన్ను ఏమీ అనలేదన్నట్టు అవుతుంది. మీరు అన్నారు. రాయండి."

జులై 14

రాశాను. ఒకటిన్నర పేజీ. "అనుమానం" అనే మాట నాలుగుసార్లు వచ్చింది. "ఆధారం" ఒక్కసారి, అది కూడా లేదని చెప్పడానికి. ఉర్స్ ఆ రోజే పంపాడు.

ఆగస్టు 1

జాతీయ దినం. సరస్సు మీద బాణసంచా. కిటికీలు మూసుకున్నాను.

ఆగస్టు 15

గడువు దాటింది. ఏ కబురూ లేదు.

ఆగస్టు 24, గురువారం

వ్యాసాన్ని ఇద్దరు కొత్త పరీక్షకులు విడివిడిగా దిద్దారట. ఇద్దరూ ఇరవై నాలుగు వేశారు. చరిత్రలో ఏడు. మొత్తం ముప్ఫై ఎనిమిది. హాలెండ్ వాళ్లు ఈ ఏడాదికి నిండిపోయిందన్నారు, వచ్చే సెప్టెంబరుకి చోటు అట్టిపెడతామని రాసిచ్చారు.

నన్ను డిప్లొమా తరగతుల నుంచి తప్పించారు. పన్నెండేళ్ల పిల్లలకు చెప్పాలి. మార్కులు వేసే అధికారం రెండేళ్లు లేదు. ఉర్స్ నాతో మాట్లాడుతున్నాడు, కానీ ముక్తసరిగా.

ఆగస్టు 28, సోమవారం

బడి తెరిచారు. మధ్యాహ్నం భోజనం వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి గరిటె పట్టుకుని ఎదురుగా ఓర్నెల్లా. జుట్టుకి వల, తెల్ల ఆప్రాన్. ఈ ఏడాది తల్లితో కలిసి పనిచేస్తుందట. తిబో చెప్పే ఉంటాడు, నేను వినలేదు.

పళ్లెం అందించాను. వడ్డించింది. ఒక గరిటె, సరిగ్గా ఒక్కటే.

"మేడమ్."

"ఊఁ."

"ఎన్నిసార్లు చదివారు అది?"

"తొమ్మిదిసార్లు."

"తప్పు పట్టడానికి."

"అవును."

వెనక వరసలో ఎవరో తొందరపెట్టారు. ఆమె వాళ్ల వైపు చూడను కూడా లేదు.

"తొమ్మిదిసార్లు చదివి నాకొక్క మాట చెప్పలేదు. బాగుందో, లేదో. ఎక్కడ బాగుందో. పద్నాలుగు శనివారాలు కూర్చున్నాను మేడమ్. ముప్ఫై ఎనిమిది అని చెప్పారు అందరూ. వ్యాసం గురించి ఎవరూ ఏమీ అనలేదు."

ఆమె తర్వాతి పళ్లెం అందుకుంది.

"రెండింటికి నా డ్యూటీ అయిపోతుంది," అంది, అటే చూస్తూ.

నాకు రెండింటికి క్లాసు లేదు. ఉన్నా మానేసేదాన్ని. పై అంతస్తుకి పరిగెత్తి నా అల్మారాలోంచి వ్యాసం తెచ్చాను. బల్లలన్నీ తుడిచేశారు, ఎవరూ లేరు. ఓర్నెల్లా నా ఎదుట కూర్చుంది. ఆప్రాన్ తీయలేదు. నవ్వలేదు కూడా.

"మొదలుపెట్టండి," అంది.

మొదటి పేజీ తెరిచి, మొదటి వాక్యం పైకి చదివాను.